ఏ చట్టం ప్రకారం?

‘రాజ్యం – గడప’ చరిత్ర ధారావాహిక: 7వ భాగం

తలారి, మునసబు, కరణం అనే గ్రామోద్యోగుల కళ్లతో కంపెనీ ప్రభుత్వం గోదావరి పల్లెలను చూడటం నేర్చుకున్న వైనాన్ని గత భాగం వివరించింది. ఆ చూపు ఊరి పొలిమేర దాటి ఇంటి గడప దాకా వచ్చినప్పుడు పౌరుడు అడగవలసిన ప్రశ్న ఏమిటో, ఆ ప్రశ్నకు భారత న్యాయచరిత్రలో రూపం ఇచ్చిన రాజమహేంద్రవరం వాసి కోకా సుబ్బారావు ఎవరో, ఆనాడు వీగిపోయిన ఆయన అభిప్రాయం దాదాపు 55 ఏళ్ల తరువాత దేశమంతటికీ శిరోధార్యం ఎలా అయిందో ఈ భాగం చెబుతుంది. ప్రభుత్వం తనకు అప్పగించిన పనికే పరిమితం కావాలని, మనిషి ఒంటిమీద, ఇంటిమీద, సంపాదన మీద, రాకపోకల మీద అది పెట్టే ప్రతి ఆంక్షకూ అదే సంజాయిషీ చెప్పుకోవాలని కోరే ఆలోచనాధోరణిని స్వేచ్ఛావాదం అంటారు. లిబర్టేరియనిజం అనే పేరుతో అమెరికా, ఐరోపాలలో గ్రంథాలు నింపిన ఈ వాదానికి గోదావరి డెల్టాలో తనదైన చరిత్ర ఉంది.

అభయం వేరు, హక్కు వేరు

పాలకుడి చేతికి హద్దు ఉండాలన్న ఆలోచన తెలుగు నేలకు పడమటి దేశాల నుంచి వచ్చినది కాదు. నేటి నిడదవోలును ప్రాచీన శాసనాలు నిరవద్యపురం అని పేర్కొన్నాయి. వేంగి చాళుక్యుల శాఖ ఒకటి అక్కడి నుంచి పాలించింది, ఆ వంశానికి చెందిన వీరభద్రుడే కాకతీయ రుద్రమదేవికి భర్త. నిడదవోలుకు ఈ విధంగా వియ్యంకుడైన గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనాన్ని చరిత్రకారులు అభయ శాసనం అని పిలుస్తారు. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకునంతా, అది బంగారమైనా, ఏనుగులైనా, గుర్రాలైనా, రత్నాలైనా, పూర్వపు రాజులు బలవంతంగా తమ ఖజానాలో కలుపుకునేవారని ఆ శాసనం ఒప్పుకుంటుంది. ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగే వర్తకుల నుంచి ఇకమీదట ‘క్లుప్త శుల్కం’, అంటే ముందుగా నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుని మిగిలినదంతా వారికే వదిలేస్తామని అది ప్రకటిస్తుంది. ఎగుమతి, దిగుమతి సరుకుల మీద ఆ సుంకం ముప్పయ్యో వంతు.

రాజు తాను తీసుకోగలిగినదానిని తీసుకోనని రాయి మీద చెక్కించి మరీ మాట ఇవ్వడం మధ్యయుగ పాలనలో గొప్ప విషయం. అయినా అది దయాభిక్షే. ఇచ్చిన రాజు పోతే అభయమూ పోతుంది. కనుకనే 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ కొత్తగా అభయం ఇవ్వవలసి వచ్చింది. పాలకుడు మారినప్పుడల్లా తిరిగి అడిగి తెచ్చుకోవలసినది అభయమైతే, పాలకుడు ఎవరైనా చెక్కుచెదరకుండా పౌరుడి వెంట ఉండేది హక్కు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని దాటడానికి తెలుగువారికి మరో ఆరు శతాబ్దాలు పట్టింది.

కాలువ నేర్పిన పాఠం

డెల్టాలో ప్రభుత్వం వద్దే వద్దనే వాదానికి కాలు నిలవదు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847 నుంచి 1852 వరకు కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే నిడదవోలు చుట్టూ ఇన్ని వేల ఎకరాల సార్వా, దాళ్వా పంటలు లేవు. నిడదవోలుకు దగ్గరలోని విజ్జేశ్వరం వద్ద గోదావరి నీరు పశ్చిమ డెల్టా కాలువలోకి దిగుతుంది. అక్కడి నుంచి చివరి ఆయకట్టు దాకా ఆ నీటిని తీసుకుపోయేవి ప్రభుత్వం కట్టిన లాకులు, తూములు, గట్లు. అటువంటి నేలలో పుట్టిన స్వేచ్ఛాకాంక్ష అడవిలో ఒంటరిగా బతికేవాడి స్వేచ్ఛాకాంక్షతో సమానం కాదు.

అయితే అదే కాలువ రెండో పాఠం కూడా నేర్పింది. నీరు తక్కువైన కాలంలో ఏ తూము కింద ఏ చేనికి ఎప్పుడు నీరు అందాలో ‘వంతు’ నిర్ణయిస్తుంది. లస్కరు, అంటే కాలువను కనిపెట్టి ఉండే జలవనరుల శాఖ చిరుద్యోగి, తూము తలుపు ఎత్తేది ఆ వంతు ప్రకారమే. రైతు లస్కరు అధికారాన్ని ప్రశ్నించడు. వంతు తప్పి ఎత్తినప్పుడు మాత్రం గట్టు మీద నిలబడి నిలదీస్తాడు. పెద్దదైనా చిన్నదైనా అధికారం ముందే రాసిపెట్టుకున్న నియమానికి లోబడి నడవాలన్న సూత్రాన్ని న్యాయశాస్త్రం ‘చట్టబద్ధ పాలన’ అంటుంది. డెల్టా రైతుకు ఆ పేరు తెలియకపోయినా, తూము దగ్గర అతడు పట్టుబట్టేది సరిగ్గా దానికోసమే.

రాజమండ్రి, 1907

కోకా సుబ్బారావు 1902 జూలై 15న రాజమండ్రిలో జన్మించాడు. ఆయనకు ఐదేళ్లయినా నిండక ముందే, 1907 ఏప్రిల్‌లో, బిపిన్ చంద్ర పాల్ ఉపన్యాసాలతో ఆ పట్టణం ఉర్రూతలూగింది. వందేమాతరం బ్యాడ్జీలు ధరించి తరగతులకు వచ్చిన విద్యార్థులపై ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ ఆగ్రహించాడు, ట్రైనింగ్ కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి బహిష్కరించాడు. ఆపై ప్రభుత్వం ఆయనను సర్కారు కొలువులకు అనర్హుడిగా ప్రకటించింది. చొక్కాకు గుచ్చుకున్న గుడ్డముక్క మూలంగా ఒక యువకుడి జీవనోపాధి మార్గం మూసుకుపోయింది, దానికి న్యాయస్థానంలో విచారణ గాని, నేర నిరూపణ గాని అవసరం పడలేదు. పాలనాధికారి సంతకం సరిపోయింది.

ఆ రాజమండ్రిలోనే చదువుకుని, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేసి, అక్కడే న్యాయవాదిగా పేరు తెచ్చుకున్న సుబ్బారావు 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత 1954లో గుంటూరులో నెలకొల్పిన హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా, 1956 నుంచి హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు. 1958 జనవరి 31న సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ప్రమాణం చేశాడు.

అర్ధరాత్రి తలుపు చప్పుడు

ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ అనే వ్యక్తిని 1941లో ఒక దోపిడీ కేసులో అరెస్టు చేసి, సాక్ష్యం లేక విడిచిపెట్టారు. కేసు పోయింది కాని, పోలీసులు అతడి పేరిట ‘హిస్టరీ షీటు’ తెరిచారు. నేరం చేసే అలవాటు ఉన్నవాడని లేదా చేయగలవాడని పోలీసులు భావించిన మనిషి గురించి స్టేషనులో ఉంచుకునే దస్త్రం ఇది. తెలుగునాట ‘సస్పెక్ట్ షీటు’, ‘రౌడీ షీటు’ అనే పేర్లతో ఊరూరా తెలిసిన దస్త్రాలు ఈ కోవలోనివే.

ఆ రాష్ట్ర పోలీసు నిబంధనావళిలోని 236వ నిబంధన అటువంటి మనిషి మీద ఉంచవలసిన నిఘాను ఆరు విధాలుగా వివరించింది: అతడి ఇంటినీ, ఇంటికి వచ్చే దారులనూ రహస్యంగా కాపలా కాయడం, రాత్రివేళ ఇంటికి వెళ్లి చూడటం, అతడి పేరుప్రతిష్ఠలు, అలవాట్లు, స్నేహాలు, ఆదాయం, ఖర్చు, వృత్తి గురించి సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని అధికారి ఎప్పటికప్పుడు విచారించడం, అతడు ఇల్లు విడిచినప్పుడు కానిస్టేబుళ్లు, ఊరి చౌకీదార్లు ఆ సంగతి చేరవేయడం, ఆ రాకపోకలను చీటీల ద్వారా ధ్రువపరచుకోవడం, తెలిసినదంతా దస్త్రంలోకి ఎక్కించడం. ఈ జాబితాలో ఎక్కడా దెబ్బ లేదు, సంకెల లేదు, జైలు లేదు. రాత్రి పొద్దుపోయాక చౌకీదారు, కానిస్టేబుళ్లు వచ్చి తలుపు తట్టి పెద్దగా కేకలు వేసి నిద్రలేపేవారని, పొరుగూరికి వెళ్లాలంటే ఎక్కడికి వెళ్తున్నదీ ఎప్పుడు తిరిగి వచ్చేదీ చౌకీదారుకు చెప్పి వెళ్లవలసి వచ్చేదని ఖరక్ సింగ్ సుప్రీంకోర్టుకు విన్నవించుకున్నాడు.

ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1962 డిసెంబరు 18న తీర్పు చెప్పింది. రాత్రి వేళ ఇంటికి వెళ్లే అధికారం రాజ్యాంగ విరుద్ధమని ఆరుగురూ అంగీకరించారు. ప్రాణానికీ, వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణం ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’లో తప్ప వాటిని హరించరాదని చెబుతుంది, పోలీసు నిబంధనావళి చట్టసభ చేసిన చట్టం కాదు, శాఖ తన సిబ్బందికి ఇచ్చుకున్న ఆదేశాల పుస్తకం మాత్రమే. అక్కడి నుంచి దారులు చీలాయి. నలుగురు న్యాయమూర్తులు మిగిలిన ఐదు రకాల నిఘానూ నిలబెట్టారు. దూరం నుంచి చూడటం వల్ల మనిషి కదలికకు అడ్డు లేదని, గోప్యత హక్కు, అంటే తన సొంత జీవితాన్ని పరుల చూపుకు అందకుండా ఉంచుకునే హక్కు, రాజ్యాంగం హామీ ఇచ్చిన వాటిలో లేదని వారు తేల్చారు.

సుబ్బారావు ఆ మాటకు ఒప్పుకోలేదు. తన తరఫునా, జె.సి. షా తరఫునా రాసిన భిన్నాభిప్రాయ తీర్పులో ఆయన 236వ నిబంధన మొత్తం చెల్లదన్నాడు. ఆయన వాదక్రమం ఇది: నాగరికత ముదిరే కొద్దీ మనిషిని కట్టిపడేయడానికి గోడలూ గొలుసులూ అక్కరలేదు, మనసు మీద పడే ఒత్తిడి వాటికంటే గట్టిగా కడుతుంది. ఎవరో తనను ఎల్లవేళలా గమనిస్తున్నారని ఎరిగినవాడు కాళ్లతో నడవగలడేమో గాని స్వేచ్ఛగా నడవలేడు, అటువంటివాడికి దేశమంతా జైలే. గోప్యత అనే మాట రాజ్యాంగంలో విడిగా రాసి లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛ అన్న మాటలోనే అది అంతర్భాగమై ఉందని ఆయన నిర్ధారించాడు. 19వ అధికరణంలోని స్వేచ్ఛలను, 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛను వేరువేరు అరల్లో పెట్టి చూడరాదని, ఒక ప్రభుత్వ చర్య రెండింటి పరీక్షకూ నిలవాలని కూడా ఆయన అన్నాడు.

ఇంగ్లండులో 1762లో రాజు దూతలు జాన్ ఎంటిక్ అనే రచయిత ఇంటి తలుపులు పగలగొట్టి కాగితాలు ఎత్తుకుపోయినప్పుడు, అలా చేసే అధికారాన్ని ఏ చట్టం ఇచ్చిందో చూపించలేకపోయినందున అది కేవలం దౌర్జన్యమని 1765లో అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పు కాపాడింది తలుపునూ కాగితాలనూ. సుబ్బారావు కాపాడబోయినది తలుపు వెనుక ఉన్న మనశ్శాంతిని. ఆ ఒక్క అడుగులో ఆయన తన కాలాన్ని దాటిపోయాడు.

కల్లం మీద పర్మిట్

ఇదే కాలంలో డెల్టా రైతు మరో దిక్కు నుంచి అదే ప్రశ్న అడుగుతున్నాడు. 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద ధాన్యం నిల్వకూ, అమ్మకానికీ, రవాణాకూ లైసెన్సులు, పర్మిట్లు వచ్చాయి. 1957లో ఆంధ్రప్రదేశ్, మద్రాసు, మైసూరు, కేరళ రాష్ట్రాలను కలిపి దక్షిణ బియ్యం మండలంగా ఏర్పాటు చేసి, ఆ మండలం వెలుపలికి బియ్యం పోకుండా కట్టడి చేశారు. మిల్లు ఆడించిన బియ్యంలో కొంత భాగాన్ని ప్రభుత్వం చెప్పిన ధరకు ప్రభుత్వానికే అప్పగించవలసిన పద్ధతికి ‘లెవీ’ అని పేరు. కల్లంలో కుప్ప నూర్చి, తూర్పారబట్టి, బస్తాలకు ఎత్తిన ధాన్యం తనదే అయినా, దానిని ఎక్కడికి, ఎవరికి, ఎంతకు అమ్ముకోవాలన్న నిర్ణయంలో రైతు చివరివాడయ్యాడు.

ఈ ఆంక్షల వెనుక ఆకలి భయం ఉన్న మాట దాచవలసినది కాదు. 1943 నాటి బెంగాల్ కరువు లక్షల ప్రాణాలను బలిగొన్న జ్ఞాపకం పాలకులను వెంటాడుతూనే ఉంది, పట్టణాల్లో చౌక బియ్యం లేకపోతే ముందుగా పస్తులుండేది కూలివాడే. అయితే కొరత కాలానికి తెచ్చిన కట్టడి కొరత తీరాక కూడా వెళ్లిపోలేదు. లెవీ బియ్యం సేకరణ దేశంలో ముగిసింది 2015 అక్టోబరు 1న. అత్యవసరం పేరిట వచ్చిన అధికారం అలవాటుగా మారి తరాల పాటు కూర్చుండిపోతుందనడానికి డెల్టా ధాన్యపు బస్తాకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని లక్ష్యంగా ప్రకటించడంతో ఈ అసంతృప్తికి రాజకీయ రూపం వచ్చింది. సొంత కమతం కరిగి ఉమ్మడి పొలంలో కలిసిపోతుందన్న భయాన్ని గొంతెత్తి చెప్పినవారిలో ముఖ్యుడు ఆచార్య ఎన్.జి. రంగా. పేరులో నిడదవోలును తలపించినా, ఆయన స్వగ్రామమైన నిడుబ్రోలు గుంటూరు జిల్లాది. ఆ ఏడాది జూన్‌లో మద్రాసులో ప్రకటించిన స్వతంత్ర పార్టీకి రంగా అధ్యక్షుడు, రాజాజీ దాని మార్గదర్శి, మినూ మసానీ ప్రధాన కార్యదర్శి. ప్రతి పనికీ ప్రభుత్వ అనుమతి కోసం క్యూ కట్టవలసిన వ్యవస్థకు రాజాజీ పెట్టిన ‘పర్మిట్-లైసెన్స్ రాజ్’ అనే పేరు ఊరూరా నానుడి అయింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఆ పార్టీ 1962లో 19 స్థానాలు, 1967లో 29 స్థానాలు గెలిచింది. 1967లోనే లోక్‌సభలో 44 స్థానాలు దక్కించుకుంది. 1970ల మధ్యనాటికి ఆ పార్టీ కనుమరుగైంది.

పది వారాల చరిత్ర

1966 జూన్ 30న సుబ్బారావు భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరి నుంచి మే వరకు గడిచిన పది వారాలలో, ఒక న్యాయమూర్తి జీవితంలో అరుదుగా కలిసివచ్చే సంఘటనలు వరుసగా సంభవించాయి.

ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో తీర్పు చెప్పింది. ప్రాథమిక హక్కులను తొలగించే లేదా కుదించే అధికారం రాజ్యాంగ సవరణ ద్వారా కూడా పార్లమెంటుకు లేదన్నది దాని సారాంశం. అప్పటికే అమలైన భూసంస్కరణలు తలకిందులు కాకుండా, తీర్పు ఆ రోజు నుంచి ముందుకే వర్తిస్తుందని సుబ్బారావు జాగ్రత్త పడ్డాడు. ఫలితంగా కేసు వేసిన పంజాబు భూస్వామి కుటుంబానికి భూమి తిరిగి రాలేదు.

ఏప్రిల్ 10న మరో తీర్పు వచ్చింది. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వర్తకుడి పాస్‌పోర్టులను తిరిగి అప్పగించమని ప్రభుత్వం ఆదేశించింది. అప్పటికి దేశంలో పాస్‌పోర్టు ఇవ్వడానికి, నిరాకరించడానికి, వెనక్కు తీసుకోవడానికి నియమాలు చెప్పే చట్టమే లేదు, అంతా అధికారుల విచక్షణ. విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా ఎవరి ప్రయాణాన్నీ ఆపరాదని సుబ్బారావు, మరో ఇద్దరు న్యాయమూర్తులు తీర్పునిచ్చారు, ఇద్దరు విభేదించారు. ప్రభుత్వం ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం తేవలసి వచ్చింది. పని కోసం, చదువు కోసం సముద్రాలు దాటిన లక్షల మంది గోదావరి జిల్లాల వారి చేతిలోని పాస్‌పోర్టు నేడు ఒక అధికారి దయ మీద కాక చట్టం మీద ఆధారపడి ఉందంటే, దాని వెనుక ఆ రాజమండ్రి వాసి చేవ్రాలు ఉంది.

మరునాడే, ఏప్రిల్ 11న, ఆయన పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డాడు, స్వతంత్ర పార్టీ ఆయనను బలపరిచింది. మే 6న జరిగిన ఎన్నికలో డాక్టర్ జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 విలువ గల ఓట్లు, సుబ్బారావుకు 3,63,971 వచ్చాయి. ప్రధాన న్యాయమూర్తి పీఠం నుంచి నేరుగా ఎన్నికల బరిలోకి దిగడం ఆ పదవికి తగదని అప్పట్లో వచ్చిన విమర్శలో న్యాయం ఉంది. ప్రభుత్వానికి హద్దులు గీసిన చేయి రాజకీయ పక్షాల చేతులతో కలిసినప్పుడు, అంతకు ముందు గీసిన గీతలను కూడా జనం అనుమానంగా చూసే ప్రమాదం ఉంటుంది.

గోలక్‌నాథ్ తీర్పు మీద ఇంకా బరువైన ఆక్షేపణ ఉంది. ఆస్తి హక్కును వాక్‌స్వాతంత్ర్యంతో సమానంగా నిలబెట్టడం వల్ల సెంటు భూమి లేని డెల్టా వ్యవసాయ కూలీకి, ఏటా మాటమీద నడిచే కౌలుతో సాగుచేసే రైతుకు ఒరిగేదేమిటని అడిగినవారు తప్పు ప్రశ్న అడగలేదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోలక్‌నాథ్ తీర్పును పక్కన పెట్టి మధ్యేమార్గం చూపింది: పార్లమెంటు ప్రాథమిక హక్కులను సవరించవచ్చు కాని రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని చెరపరాదు. 1978 నాటి 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసివేసి, చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ హరించరాదనే 300ఏ అధికరణంగా మిగిల్చింది. సుబ్బారావు కోరినంత గట్టి గోడ నిలవలేదు. పార్లమెంటుకు కూడా ఏదో ఒక గోడ ఉండాలన్న ఆయన మూలసూత్రం మాత్రం నిలిచింది.

ఎనిమిది రోజుల ముందు

1975 జూన్ 25 రాత్రి ప్రకటించిన అత్యవసర పరిస్థితిలో ఆంతరంగిక భద్రతా చట్టం, అంటే జనం నోట ‘మీసా’గా నిలిచిన చట్టం కింద, విచారణ లేకుండా వేలమందిని నిర్బంధించారు. నిర్బంధంలో ఉన్న మనిషిని తమ ముందుకు తెచ్చి కారణం చెప్పమని న్యాయస్థానం ఆదేశించే హెబియస్ కార్పస్ హక్కు ఆ కాలంలో ఉంటుందా, ఉండదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1976 ఏప్రిల్ 28న ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు ఉండదన్నారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే విభేదించాడు.

ఖరక్ సింగ్ కేసులో ప్రభుత్వం చూపించలేనిది చట్టం. సత్వంత్ సింగ్ కేసులోనూ అదే. ఇప్పుడు ప్రభుత్వం చేతిలో చట్టం ఉంది, లేనిది ఆ చట్టం సక్రమంగా నడుస్తున్నదా అని అడగడానికి పౌరుడికి ఒక వాకిలి. ఏ చట్టం ప్రకారం అన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన చోటే మూతపడితే ప్రశ్న ఎంత పదునైనదైనా నిష్ఫలమే. ఆ తీర్పు వెలువడిన ఎనిమిది రోజులకు, 1976 మే 6న, కోకా సుబ్బారావు కన్నుమూశాడు. హక్కుల కోసం ఆయన కట్టిన ఇల్లు దీపాలు ఆరిపోయి ఉన్న రోజులవి.

వీగిన మాట గెలిచిన రోజు

దీపాలు ఒక్కొక్కటిగా వెలిగాయి. అత్యవసర పరిస్థితికి ముందే 1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసులోనూ, దాని తరువాత 1978లో మేనకా గాంధీ కేసులోనూ, హక్కులను వేరువేరు అరల్లో పెట్టరాదన్న సుబ్బారావు వాదమే సుప్రీంకోర్టు మాట అయింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టం లేని భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే నిబంధన ఆమె శరీరం మీద, గోప్యత మీద రాజ్యం చేసే దాడి అని తీర్పు చెప్పాడు. సుప్రీంకోర్టు మరుసటి ఏడాదే దానిని తోసిపుచ్చినా, గడప లోపలి స్త్రీ స్వేచ్ఛను గుర్తించిన తొలి తీర్పులలో ఒకటిగా అది నిలిచిపోయింది.

ఆధార్ సంఖ్య మీద వివాదం సుప్రీంకోర్టుకు చేరినప్పుడు, గోప్యత అసలు ప్రాథమిక హక్కే కాదని వాదించడానికి ప్రభుత్వ న్యాయవాదులు ఆశ్రయించినవి 1954 నాటి ఎం.పి. శర్మ తీర్పు, ఖరక్ సింగ్ కేసులోని మెజారిటీ తీర్పు. చిక్కు విప్పడానికి కూర్చున్న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనంలో కృష్ణా జిల్లా వాసి జాస్తి చలమేశ్వర్, తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ గవర్నర్ అయిన ఎస్. అబ్దుల్ నజీర్ ఉన్నారు. 2017 ఆగస్టు 24న ఆ తొమ్మిది మందీ ఒకే మాటగా గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించారు. ఖరక్ సింగ్ కేసులో మెజారిటీ గోప్యత గురించి అన్నది చెల్లదని, సుబ్బారావు రాసినదే సరైనదని తేల్చారు. గోప్యతలో ప్రభుత్వం జోక్యం చేసుకోవాలంటే దానికి చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించని కొలతలో ఆ జోక్యం ఉండాలి. తూము ఎంత ఎత్తాలో, ఎంతసేపు ఎత్తాలో చెప్పే వంతు లాంటి కొలత ఇది.

ఆ కొలతతో చూస్తే డెల్టాలో నేటికీ తేలని లెక్కలు ఉన్నాయి. రౌడీ షీట్లకు ఆధారం పోలీసు స్టాండింగ్ ఆర్డర్లే తప్ప చట్టం కాదని 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం తప్పుపట్టింది. ఆ వివాదం అక్కడితో ముగియలేదు. రేషన్ డిపోలో ఈపోస్ యంత్రం మీద వేలు ఆనించినప్పుడు, ఏళ్ల తరబడి నాట్లు వేసి, కలుపు తీసి, గీతలరిగిపోయిన కూలీ వేలిని యంత్రం గుర్తించకపోతే, ఆ మనిషి తనెవరో తానే రుజువు చేసుకోవలసి వస్తుంది. సంక్షేమ పథకాలకు ఆధార్‌ను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది కనుక దానికి చట్టం ఉంది. కొలత సరిపోయిందా అన్న ప్రశ్న మాత్రం ఆ అరిగిన వేలి దగ్గర మిగిలే ఉంది. 2023 అక్టోబరులో అమలులోకి వచ్చిన భూమి హక్కుల చట్టం, అంటే ల్యాండ్ టైట్లింగ్ యాక్టు, భూవివాదాల్ని సివిల్ కోర్టుల నుంచి తప్పించి ప్రభుత్వం నియమించే అధికారుల ముందు పెట్టబోయినప్పుడు న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు, రైతులు ఆందోళన చెందారు. పక్కా హక్కు పత్రం ఇవ్వాలన్న దాని ఉద్దేశం మంచిదే అయినా, 1976లో మూసుకుపోయిన వాకిలిని తలపించే లోపం అందులో ఉంది: హక్కును నిర్ణయించే చేయి, ఫిర్యాదు వినే చెవి ఒకే శరీరానివి. 2024 జూలైలో శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేసింది.

ఈ మూడు ఉదాహరణలూ ఏ ఒక్క పార్టీ ప్రభుత్వానికీ చెందినవి కావు. రౌడీ షీటు బ్రిటిషు వారి వారసత్వం, ఆధార్ ఒక ప్రభుత్వం మొదలుపెట్టి మరొకటి విస్తరించినది, భూమి హక్కుల చట్టం ఇంకొకరిది. అధికారం ఎవరి చేతిలో ఉన్నా గడప వైపు నడవడం దాని స్వభావం. అందువల్ల నచ్చిన పార్టీ ఏలుబడిలో ఉన్నప్పుడు నోరు మూసుకుని, నచ్చనిది వచ్చినప్పుడే హక్కులు గుర్తుచేసుకునే పౌరుడు తనకు తెలియకుండానే మోటుపల్లి కాలానికి వెళ్లిపోతాడు. అతడు కోరుకునేది ఈ రాజు అభయమో, ఆ రాజు అభయమో తప్ప హక్కు కాదు.

1962 డిసెంబరులో తీర్పు వెలువడిన నాడు సుబ్బారావు మాట వల్ల ఖరక్ సింగ్‌కు అదనంగా ఒరిగినది ఏమీ లేదు. రాత్రి తలుపు చప్పుడు ఆగింది గాని, వాకిట్లో చూపు అలాగే ఉండిపోయింది. ఆ భిన్నాభిప్రాయం మాత్రం న్యాయ నివేదికల సంపుటంలో మెజారిటీ తీర్పు వెనుకే అచ్చయి, అడిగేవాడి కోసం 55 ఏళ్లు కాచుకుని ఉంది. ఓడిన మాట కూడా తేదీతో, సంతకంతో దస్త్రంలోకి ఎక్కితేనే రేపటివాడికి దొరుకుతుంది. నిడదవోలు కాలువ గట్టు మీద వంతు తప్పిన లస్కరును నిలదీసే రైతు, స్టేషనులో తన పేరిట ఏ షీటు ఉందో చెప్పమని అడిగే యువకుడు, డిపో దగ్గర బియ్యం ఎందుకు రావో కాగితం మీద రాసిమ్మని పట్టుబట్టే ముసలామె ఆ దస్త్రంలోకి కొత్త పేజీలు చేరుస్తున్నవారే.

(వచ్చే భాగం: అత్యవసర పరిస్థితిలో తెలుగునాట పత్రికలు, జైళ్లు)